సున్న కొస పట్టుకున్నదాన్ని

మిర్యాలగూడ బస్టాండుల ఉడకబెట్టిన పల్లికాయ కొనుక్కొని బెంచి మీద కూసున్న. నాలుగు ఒలిసిన్నో లేదో ఫోను మోగింది. సారు భార్య, నేను ఆంటీ అని పిలుస్త. "బిడ్డా, మీ సారు పోయిండే" అన్నది. పొద్దుగాల చాయ తాగి, కప్పు కింద పెట్టి, గట్లనే గోడకు ఒరిగిండట.

నేను అయ్యో అనలే. "వస్తున్న ఆంటీ" అని ఫోను పెట్టేసిన. చేతుల పల్లికాయ ఒలిసిన, తిన్న, ఇంకోటి తీసిన. పక్కన కూసున్న ముసలామె "ఎవరన్న పోయిండ్రా బిడ్డా?" అని అడిగింది. "నాకు ఈత నేర్పిన సారు" అన్న. "అయ్యో పాపం" అన్నదామె. నాకైతే పాపం అనిపియ్యలే, అబద్ధమెందుకు చెప్పాలె. ముందుగాల నా మనసుల మెదిలిన మాట ఒక్కటే: ఇగ అడగడు. పదకొండేండ్ల సంది ఆ మనిషి నన్ను ఒక్కటే మాట అడిగిండు, నేను చెప్పలే. అడుక్కుంటనే పోయిండు. బస్సొచ్చేదాక కూసొని పొట్లం మొత్తం తిన్న.

ఈత నేర్పిన సారు అన్న గని, అది గూడ తప్పే. సారుకు ఈత రాదు.

సారు వేములపల్లి దిక్కు సర్కారు బడిల పీఈటీ. వయసుల ఉన్నప్పుడు వంద మీటర్ల పందెం ఉరికినోడు. నేను ఎరిగే నాటికి కుడికాలు జర ఈడుస్తుండె. తెల్ల కాన్వాసు బూట్లు ఏసుకునేటోడు, వాటికి దినాం పొద్దుగాల సాక్‌పీసు రుద్దేటోడు. భుజానికి ఒక గుడ్డసంచి. దాంట్ల రెండే ఉంటయి: ముప్పై మీటర్ల టేపు, పల్లికాయ పొట్లం.

ఆ టేపుతోటి ఆయన కొలవనిది లేదు. బడి గేటు నుంచి చాయ హోటల్ దాక కొలిసిండు. బస్సు దినానికో జాగల ఆపుతున్నరని డ్రైవరుతోటి కొట్లాడి, రోడ్డు మీద టేపు పరిచి సూపిచ్చిండు. పెండ్లికి పిలిస్తే టెంటు కొలిసి, "నలభై ఫీట్లని చెప్పిండ్రట, ముప్పై ఆరే ఉంది సూడు" అని బువ్వ తినేటప్పుడు పెండ్లికొడుకు తండ్రికి చెప్పిండు. ఎవరన్న గింత దూరం, గంత దూరం అని నోరు జారితే సాలు, చెయ్యి సంచిలకు పోయేది. "నమ్ముడెందుకు, కొలుద్దాం. ఆ కొస పట్టు" అనేటోడు. పక్కన ఎవరుంటే వాళ్లు సున్న కొస పట్టుకోవాలె. అవుతలి కొసకు పోయి అంకె సదివేది మాత్రం ఆయనే. మా దిక్కు ఆ సున్న కొస పట్టనోళ్లు తక్కువ. అందుకే అందరు టేపు సారు అనేటోళ్లు.

మా తండా వేములపల్లి అవుతల, సాగర్ కాలువ పక్కపొంటి. మా పిల్లలకు ఈత ఎవరు నేర్పరు, బాయిల దూకుతరు, వస్తది. నాకు పదిహేనేండ్లప్పుడు మిర్యాలగూడల రైస్ మిల్లుల దిక్కు ఒక ప్రైవేటు స్విమ్మింగ్ పూలు కట్టిండ్రు. బడులల్ల ఈదే పిల్లలుంటే పంపుండ్రి, ఫ్రీగ నేర్పుతం అన్నరు. సారు నన్ను తీస్కపోయిండు. ఆయన నీళ్ల దగ్గర్కి రాలే, పది గజాల దూరంల గోడకు ఆనుకొని నిలవడ్డడు.

ఆ పూల్‌కు ఇన్‌చార్జి కోదాడ మనిషి. ఆయన లెక్క ఒక్కటే, ఎవరొచ్చినా యాభై లెంతులు. ఈ గోడ కాడికెళ్లి ఆ గోడ దాక ఒక లెంతు. పొద్దుగాల యాభై, సాయంత్రం యాభై. దమ్ము పెరిగితే జోరు అదే వస్తది అనేటోడు. గేటు కాడ ఒక పెద్ద బోర్డు పెట్టి, దాని మీద ఆయన పిల్లల పేర్లు, టైములు పెయింటుతోటి రాపిచ్చిండు.

నేను మొదటి లెంతు పానం పెట్టి కొట్టిన. నాకు ఇంకో తీరు తెల్వదు, బాయిల అందరం గట్లనే ఈదుతం. పన్నెండో లెంతుకు భుజం పట్టేసింది, గోడ పట్టుకొని ఆగిన.

"ఏమ్మా, ఆపేశావేం? యాభై అన్నానా లేదా?" అన్నడు ఇన్‌చార్జి. చెయ్యి సూపిచ్చిన. "పన్నెండుకే దమ్మైపోయిందా? కాలవల్లో కొట్టుకుపోయే బాపతుకి ఇవన్నీ ఎందుకమ్మా. తండాకి వెళ్లి గేదెలతో ఈదుకో, పో." బోర్డు మీద పేర్లున్న పిల్లలందరు నవ్విండ్రు.

తడిబట్టలతోటే గేటు బయటికొచ్చి ఏడ్సిన. సారు ఎనుకనే వచ్చిండు. ఓదార్చలే, నెత్తి మీద చెయ్యి పెట్టలే. "ఏడ్సుడు ఐపోయిందా?" అని అడిగిండు. "ఐపోలే" అన్న. "కానియ్, నేను ఆగుత" అని మోరీ గోడ మీద కూసొని పల్లికాయ ఒలుసుడు షురూ చేసిండు. ఒక్కటొక్కటే, నెమ్మదిగ. నా ఏడుపు నాకే సిగ్గనిపిచ్చి ఆపిన.

"నీ మొదటి లెంతు నేను గడియారం పెట్టి సూసిన" అన్నడు అప్పుడు. "ఆ బోర్డు మీద ఉన్నోళ్లల్ల ఒక్కరు గూడ గట్ల రాలే. మిగతా నలభై తొమ్మిది లెంతులు ఎవనికి గావాలె?"

నాకు ఆ దినం గట్టిగ అర్థమైంది ఒక్కటే. నన్ను గేదెలతోటి ఈదుమన్నోని మొఖం మాడిపోవాలె. సారుకు ఆ మాటే చెప్పిన. సారు చేతుల పొట్టు దులుపుకొని, "నాక్కూడ గదే గావాలె బిడ్డా" అన్నడు. ఎందుకో అప్పుడు చెప్పలే.

తెల్లారికెళ్లి మా తండా తొవ్వల ఉన్న ఒక ముసలి ఆసామి బాయిల మా ట్రెయినింగు. రాతికట్టు బాయి, పెద్దది. సారు ముందుగాల టేపు తీసిండు, నేను సున్న కొస పట్టిన. ఈ గోడ నుంచి ఆ గోడకు పన్నెండు మీటర్లు, పైన జానెడు. "మంచిగున్నది" అన్నడు. "దీంట్ల యాభై లెంతులు ఈదుమన్నా నీకు రాదు, తిరుగుడుకే సరిపోతది. పన్నెండు మీటర్లు, అంతే. కుక్క ఎంబడి పడ్డట్టు రా."

ఆ మనిషికి నీళ్లంటే ఎంత భయమంటే, బాయి ఒడ్డు మీద కూసునే ముందు నడుముకు తాడు కట్టుకొని, ఇంకో కొస మోటరు దిమ్మెకు కట్టేటోడు. రెండుసార్లు ముడి గుంజి సూసి, గప్పుడు గడియారం తీసేటోడు. పొలం పనికి పోయేటోళ్లు ఆగి నవ్వేటోళ్లు. సారు పట్టిచ్చుకోకపోయేది. నాతోటి ఒకటే అనేటోడు: "చేతులెట్ల ఎయ్యాల్నో నీకు తెల్సు. ఎప్పుడు ఆగాల్నో నాకు తెల్సు."

దినానికి నాలుగుసార్లు ఈదుడు. నాలుగంటే నాలుగే. ఒక్కోటి అయినంక మెట్టు మీద కూసోవాలె, కాలు గూడ ఆడియ్యొద్దు. సారు పల్లికాయ ఒలుస్తడు. ఇరవై కాయ ఒలిసినంక "ఆఁ, దిగు" అంటడు. పొట్టు పుటుక్కుమనే సప్పుడు లెక్కపెట్టుకుంట కూసునేదాన్ని. గింజలు మాత్రం ఒక్కటియ్యకపోయేది, రుమాల్ల మూటకట్టి జేబుల పెట్టుకునేటోడు. రెండోసారికో మూడోసారికో గడియారంల పిసరంత తేడా వచ్చిందనుకో, "ఖతం. ఇయ్యాల్టికి సాలు, ఇంటికి పో" అనేటోడు. ఇంకొక్కటి ఈదుత సారూ అని బతిమిలాడినా ఇననే ఇనకపోయేది.

"వంద మీటర్లు ఉరికేటోడు దినాం ఐదు మైళ్లు ఉరుకుతడా? ఉరకడు. నాలుగుసార్లు పానం పెట్టి ఉరుకుతడు, మధ్యల సల్లగ కూసుంటడు. ఈతోళ్లకు పొద్దంత నానుమని ఎవడు చెప్పిండు? నీళ్లల్లయినా ఉరుకుడు ఉరుకుడే. నరానికి నేర్పాలె బిడ్డా. అలసిన నరం మెల్లగ ఈదుడే నేర్సుకుంటది."

మా యాడి, అంటే మా అమ్మ, ఒకసారి సూడనీకె వచ్చింది. నాలుగుసార్లు ఈది బట్టలు పిండుకుంటుంటే నోరు తెరిసింది. "గింతేనా? గింతదానికి కూలి బందువెట్టి పిల్లను పంపాల్నా?" అన్నది. బాయి ఆసామి అందుకున్నడు. "నేను గదే అంటున్న. సారూ, మా బర్రె గూడ దీనికన్న ఎక్కువ ఈదుతది."

"ఎక్కువ ఈదుతది. జోరుగ ఈదదు" అన్నడు సారు, తాడు ముడి ఇప్పుకుంట.

ఒకరోజు మెట్టు మీద రెస్టుల ఉంటే అడిగిన, మీకెందుకు సారూ ఆ ఇన్‌చార్జి మీద గంత కోపం అని. పల్లికాయ ఒలుసుడు ఆగింది. ఎన్నడు ఆగేది కాదు. ఇరవై ఏండ్ల కింద ఆ ఇన్‌చార్జే గ్రౌండుల ఉరుకుడు నేర్పేటోడట. పందెం ఇంక వారం ఉందనంగ సారుకు తొడ ఎనుక నొప్పి లేసింది. చెప్పుకుంటే, "నొప్పుందా? అయితే ఇంకో పది రౌండ్లు కొట్టు, అదే పోతుంది" అన్నడట. ఏడో రౌండుల నరం తెగింది. "సప్పుడు ఇనవడ్డది బిడ్డా" అన్నడు సారు. "గప్పటికెళ్లి నాకు రౌండు అనే మాటంటెనే ఒళ్లు మంట." అన్ని చెప్పి, ఏడిదాక ఒలిసిన్నో మర్సిపోయి, మల్ల ఒకటికెళ్లి మొదలుపెట్టిండు. ఆ దినం నాకు రెండు రెస్టులు దొరికినయి.

ఎనిమిది నెలలయినంక మాట బయటపడ్డది. హైదరాబాదు స్పోర్ట్స్ హాస్టల్ల సీటుకు సెలక్షను. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ, మూడు దిక్కుల పిల్లలకు ఆ పూల్లనే పోటీ. యాభై మీటర్లు, అంటే రెండు లెంతులు. ఫస్టు రావుడొక్కటే కాదు, వాళ్లు పెట్టిన టైము లోపల రావాలె. వస్తే సీటు. తిండి, సదువు, యాభై మీటర్ల నిజమైన పూలు, అన్ని వాళ్లే సూసుకుంటరు. నా వయసుకు అదే ఆఖరు యేడు. మా యాడి నాట్లకు పోయి వంగిన నడుముతోటి వచ్చి, "నీకు నాట్లు తప్పుతయా బిడ్డా?" అని అడిగింది. తప్పుతయి అన్న. ఎందుకంటే నేను గెలుస్తనని నాకు తెల్సు.

పోటీకి పది రోజుల ముందు సోమవారం పూలు బందున్నప్పుడు సారు నన్ను ఆడికి తీస్కపోయిండు. వాచ్‌మెన్ ఆయన పాత శిష్యుడే. "గోడ పరిచయం చేస్కో, ఏడ తిరగాల్నో సూస్కో" అన్నడు నాతోటి. నేను సూస్కుంటుంటె సంచిలకెళ్లి టేపు తీసి, "ఆ కొస పట్టు" అన్నడు. పట్టిన. ఆయన గట్టు పొంటి నడుసుకుంట అవుతలికి పోయిండు, నీళ్లకు మూరెడు దూరంలనే ఉన్నా ఆ దినం భయపడలే. వంగి అంకె సదివిండు. టేపు తిప్పి ఇంకో దిక్కున్న ఫీట్లు సదివిండు. మల్ల సదివిండు. సన్నగ నవ్విండు.

"సరిపోయిందా సారూ?" అని ఈ కొస కాడికెళ్లి కేకేసిన.

"సరిపోయింది" అన్నడు. టేపు చుట్టుకుంట వచ్చిండు. తొవ్వ పొడుగున ఈల ఏసిండు, ఆయన ఈల ఎయ్యంగ నేను ఎన్నడు ఇనలే.

పోటీ నాడు ఇన్‌చార్జి పిల్లలు పొద్దుగాల్నే వచ్చి ఒళ్లు ఎచ్చబడాలని ఇరవై లెంతులు ఈదిండ్రు. నన్ను సారు చెట్టుకింద పండుకోమన్నడు. ఇన్‌చార్జి సూసి, "నిద్రపోవడానికి వచ్చావా అమ్మా?" అన్నడు. నేను కండ్లు తెరవలే. సారు పక్కన కూసొని ఒలుస్తున్నడు. పుటుక్, పుటుక్.

విజిల్ ఏసిండ్రు. దూకిన. ఆ రెండు లెంతులు నాకు సరిగ యాది లేవు. మూడుసార్లు ఊపిరి తీసిన, గోడ కొట్టిన, తలెత్తి సూస్తే పక్క లైన్ల ఎవ్వరు లేరు, అందరు ఎనుక వస్తున్నరు. హైదరాబాదు నుంచి వచ్చిన ఆఫీసరు గడియారం సూసి, ఇంకోయన గడియారం సూసి, నా పేరు అడిగి రాసుకున్నడు. "టైము లోపలనే ఉంది. సీటు నీదే తల్లీ" అన్నడు. ఇన్‌చార్జి మొఖం మాడింది. మస్తు మాడింది. నాకు గావాల్సింది నాకు దొరికింది. మా యాడి గేటు కాడ నిలవడి కొంగు నోట్ల కుక్కుకుంది.

గప్పుడు సారు గోడ కాడికెళ్లి లేసిండు. ఈడ్సుకుంట నడిసొచ్చి, "సార్, ఒక్క నిమిషం" అన్నడు ఆఫీసరుతోటి. సంచిల చెయ్యి పెట్టిండు. "ఈ పూలు ఇరవై ఐదు మీటర్లంటున్నరు. నమ్ముడెందుకు, కొలుద్దాం."

నా దిక్కు తిరిగిండు. "బిడ్డా, ఆ కొస పట్టు."

నాకేం తెల్సు? తడి చేతులతోటే పట్టిన. నవ్వుకుంట పట్టిన.

డెబ్బై ఐదు ఫీట్లు. ఏడు ఫీట్లు తక్కువ. కట్టిచ్చిన ఓనరు ఇరవై ఐదు మీటర్లు కట్టు అంటే, మేస్త్రి మీటరంటె గజమే గదా అనుకొని గజానికి మూడు ఫీట్ల లెక్కన కట్టిండు. మా దిక్కు అందరం గట్లనే అంటం, మీటరుకు గజానికి తేడా ఎవడు సూస్తడు. ఇన్‌చార్జి ఆ పూలు కట్టిన కాడికెళ్లి దాంట్ల టైములు తీసి బోర్డు మీద రాపిచ్చిండు. అవన్ని అబద్ధమే. సారు ఒక్కొక్క అంకె గట్టిగ సదివిండు, అందరికి ఇనవడేటట్టు. ఇన్‌చార్జి కుర్చీల కూలబడ్డడు.

ఆఫీసరు నా పేరు రాసిన కాయితం తీసి, పెన్నుతోటి అడ్డంగ గీత కొట్టిండు. "కొలత తప్పయితే టైములన్ని తప్పే. ఇక్కడి నుంచి ఎవ్వరి పేరు పంపలేం" అన్నడు. మల్ల పెట్టుండ్రి సార్ అని మా యాడి కాళ్లు పట్టుకోబోయింది. లిస్టు ఈ రోజే ఇయ్యాలె, నేనేం చెయ్యలేనమ్మా అన్నడాయన. మంచిగనే అన్నడు, పాపం.

నేను సున్న కొస ఇంక ఇడవలే. సారు టేపు చుట్టుకుంట చుట్టుకుంట నా దగ్గర్కి వచ్చిండు. కండ్లు మెరుస్తున్నయి. జేబులకెళ్లి రుమాలు తీసి ఇప్పి, ఒలిసిన గింజలన్ని నా చేతుల పోసిండు, ఎనిమిది నెలలల్ల మొదటిసారి.

"వాని మొఖం సూసినవా బిడ్డా?" అన్నడు.

"నాది గూడ పాయె గదా సారూ" అన్న. ఆయనకు ఇనవడలే. నిజంగనే ఇనవడలే, ఇంక ఇన్‌చార్జి దిక్కే సూస్తున్నడు. సోమవారం అంకె సదివి సరిపోయింది అన్నది దేనికో గప్పుడు నాకు సమజైంది. పది రోజులు కడుపుల పెట్టుకున్నడు. నాకు గావాల్సిన పగ గూడ అదే గదా అని ఎవరన్న అనొచ్చు. నేను ఈతతోటి తీర్సుకున్న, నాకు ఆడికి సాలు. ఆయనకు సాలలే. గింజలన్ని నీళ్లల్ల పారేసి మా యాడి చెయ్యి పట్టుకొని తండాకు పోయిన. మర్నాడు పొద్దుగాల నాట్లకు పోయిన.

ఆ బాయి మాత్రం ఇడవలే. సారును రానియ్యలే. ఒకసారి తాడు పట్టుకొని వచ్చిండు, నేను నీళ్లల్లకెళ్లి లెవ్వలే, చాన సేపు నిలవడి పోయిండు. నేనొక్కదాన్నే ఈదేదాన్ని, దినానికి నాలుగుసార్లు, మధ్యల నా పల్లికాయ నేనే ఒలుసుకుంట. సారు మీద పగతోటి సారు చెప్పినట్టే చేసిన. డిగ్రీల ఉన్నప్పుడు కాలేజీల పోటీలకు హైదరాబాదు పోయి, యాభై మీటర్ల నిజమైన పూల్ల ఈదిన. ముందుగాల అడుగులేసి కొలుసుకున్న, నమ్మలే. గోడ కొట్టి బోర్డు సూసిన. నా టైము ఎలిగింది. ఆ సీటుకు పెట్టిన టైముకన్న తక్కువే, ఏడు ఫీట్ల తిరకాసు లేకుంటనే. ఆ అంకె సూసినప్పుడు ముందుగాల యాదికొచ్చింది సారే. దాని మీదనే నాకు ఒళ్లు మండింది.

వారం తిరగలే, ఫోనొచ్చింది. "ఈదినవట గదా బిడ్డా. ఎంతొచ్చింది?" ఫోను కట్ చేసిన. మా యాడికి చేసిండు, ఆమెకు తెల్వదు. నాతోటి పోయిన పిల్లలను అడిగిండు, చెప్తే నరికేస్త అని వాళ్లకు చెప్పి పెట్టిన. పండుగకు, పబ్బానికి అదే మాట. పాతికేండ్లు తన కాలుతోటి తను సూపియ్యలేనిది నా చేతులతోటి నిజమైందో కాలేదో తెల్వాలె ఆయనకు. చెప్తే ఆయన గెలిసినట్టు. ఆ గెలుపు నేనెందుకియ్యాలె?

ఇంకో ముచ్చట. ఒకరోజు మిర్యాలగూడల చాయ హోటల్ల సారు, ఇన్‌చార్జి ఎదురెదురుగ కూసొని ఒక చాయ రెండు కప్పులల్ల పోసుకొని తాగుతున్నరు. ఓనరు గోడ పలగ్గొట్టి ఏడు ఫీట్లు పెంచిండట, ఇన్‌చార్జి నౌకరి ఎటు పోలేదట. "ముసలోళ్లమైనం బిడ్డా, ఇంకెంతకాలం కొట్లాడుతం" అన్నడు సారు నన్ను సూసి. నాకు ఆ చాయ ఇద్దరి మొఖాల మీద పొయ్యాలనిపిచ్చింది. వాళ్లిద్దరి పంచాయతి ఒడిసింది, నా సీటు మాత్రం తిరిగి రాలే.

ఇప్పుడు నేను సూర్యాపేటల ఒక బడిల ఈత నేర్పుత. మొన్నటి ఎండకాలం సారు ఆడికొచ్చిండు. చిక్కిపోయిండు, బూట్లు మాత్రం తెల్లగనే ఉన్నయి. నీళ్లకు దూరంగ గేటు కాడ నిలవడ్డడు. పిల్లలు మెట్టు మీద రెస్టుల కూసున్నరు, నేను పల్లికాయ ఒలుస్తున్న. ఆయన నా చేతులనే సూసిండు.

"ఎంతొచ్చింది బిడ్డా?" అన్నడు.

"కొలిసేటోళ్లు మీరు గదా సారూ. మీరే చెప్పుండ్రి."

తల దించుకున్నడు. "ఇరవై ఏండ్లు ఆగిన. ఇంక రెండు రోజులు ఆగితే నువ్వు హాస్టల్ల ఉందువు, అటెనుక కొలిసినా సరిపోతుండె. ఎప్పుడు ఆగాల్నో నాకు తెల్సంటి. ఆ దినం ఆగలేకపోతి."

"నా సీటు పోతదని తెల్వదా మీకు?"

"అబద్ధం చెప్పను బిడ్డా. ఆ నిమిషంల నువ్వు నాకు యాదికే రాలే."

ఏదన్న అబద్ధం చెప్పినా బాగుండు. పేరు ఎక్కినంక తియ్యరనుకున్న అంటే, నమ్మినట్టు చేసి ఆ అంకె చెప్పేసేదాన్నేమో. ఇరవయ్యో కాయ ఒలిసిన. "ఆఁ, దిగుండ్రి" అన్న పిల్లలతోటి. ఎనుకకు తిరిగి సూసేటాళ్లకు గేటు కాడ లేడు.

గివన్ని యాది చేసుకుంట బస్సు దిగి వాళ్లింటికి పోయిన. వాకిట్ల పండవెట్టిండ్రు. ముందట ప్లాస్టిక్ కుర్చీల ఇన్‌చార్జి కూసున్నడు, మొఖమంత ఉబ్బి ఉంది. "వచ్చావామ్మా" అన్నడు. "మొన్న కూడా అడిగాడు, ఆ పిల్ల టైమెంతో నీకేమన్నా తెలిసిందా అని. ఇంతకీ ఎంతొచ్చిందమ్మా?"

"ఏ పూల్ల అడుగుతున్నరు సార్? మీ పాత పూల్లనా?" అన్న. కండువా మొఖానికి అడ్డం పెట్టుకున్నడు. నాకు సంతోషమే అయింది.

పాడె లేపిండ్రు. ఎంబడి నడిసిన. కాలువ బ్రిడ్జి దాటినంక దింపుడు కల్లం కాడ దింపిండ్రు. ఆడ చెవుల పిలుస్తరు, పానం ఏమూలన్న ఉంటే పిలుపుకు లేస్తడేమోనని. సారు కొడుకు వంగి "నాయినా" అని మూడుసార్లు పిలిసిండు. లెవ్వలే. ఆంటీ నా రెక్క పట్టుకుంది. "నువ్వు గూడ పిలువు బిడ్డా. నిన్నే కలవరిచ్చిండు" అన్నది.

పిలవొద్దనే అనుకున్న. ఇయ్యకుండ ఉంచుకున్నదాన్ని ఆఖరికి ఎందుకియ్యాలె అనుకున్న. మల్ల, ఇనే చెవి లేనప్పుడు చెప్తే చెప్పినట్టు కాదు గదా, ఇదింకా మంచి పగ అనుకున్న. మోకాళ్ల మీద కూసున్న. నోరు ఆయన చెవికి ఆనిచ్చిన. సారూ అనలే. నా టైము చెప్పిన. సెకండ్లు, అటెనుక పిసర్లు. ఒకసారి చెప్పిన, రెండోసారి చెప్పిన, మూడోసారి గూడ చెప్పిన.

చెప్పి, లెవ్వకుంట గాడనే కూసున్న. మొఖమే సూస్తున్న. ఇరవై కాయ ఒలిసేటంత సేపు సూసిన. ఎవరో "పొద్దు పోతుంది, లెవ్వమ్మా" అన్నరు.

ఆ అంకెకు గూడ లెవ్వలేదంటే, సారు నిజంగనే పోయిండు.